పెద్ద బ్రేకర్ బిగించిన చెయ్యి

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, మహబూబ్‌నగర్‌లో మేముండే ఇంట్లో ఏసీ బ్రేకర్ మూడుసార్లు పడిపోయింది. మూడోసారి పైకి ఎత్తబోతుంటే మా ఆవిడ, ఇంత పేరున్న మెకానిక్ అయి ఉండి పెద్దది ఒకటి తెచ్చి బిగించుకోలేరా అని వంటగదిలోంచి మామూలుగానే అన్నది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ పని నేను ఇదివరకు ఒకసారి చేశానని ఆమెకు తెలియదు. తెలిసిన ఒక్క మనిషి ఇప్పుడు లేడు.

రాష్ట్రం వచ్చిన కొత్తలో నాకు కోస్గి బజారులో మోటార్ వైండింగ్ దుకాణం ఉండేది. మన ఈడు వాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు, అప్పట్లో పొలాలకు త్రీఫేజ్ కరెంటు ఏ వేళకు వస్తుందో, ఎంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు గనుక, కరెంటు రాగానే మోటార్ దానంతటదే అంటుకుని తిరిగేలా ప్రతి రైతూ ఆటో స్టార్టర్ పెట్టించుకునేవాడు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో వాటిని బిగించింది నేనే. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే ఇంకో రెండు పోగుల తీగ కలిపి లావుగా కట్టేవాణ్ణి. మోటార్ కాలితే మళ్లీ చుట్టుకోవచ్చు, నీళ్లు తప్పితే మడి చేతికి రాదు అన్నది మా పద్ధతి. అది తప్పని నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినేవాణ్ణి కాదు, నా పనితనం మీద నాకు అంత పొగరు.

మా అక్కను ఇచ్చింది కోస్గికి దగ్గర్లోని ఊరే. బావ కల్లు గీసేవాడు. ఒకనాడు పొద్దున తాటిచెట్టు మీద మోకు తెగి కింద పడ్డాడు, వెన్నుపూస విరిగింది. దవాఖానలో నెలల తరబడి ఉంచుకుని ప్రాణం దక్కించారు గానీ రొమ్ము నుంచి కిందికి స్పర్శ లేకుండా పోయింది, చేతులు కూడా సరిగా లేవవు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అక్కను పక్కకు పిలిచి, ఈయనకు ఇక చెమట పట్టదు, ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు, ఎండాకాలం గది చల్లగా ఉంచకపోతే మనిషి దక్కడు అని ఖండితంగా చెప్పాడు. వాళ్లది ఊరి చివర, పొలాలకు ఆనుకుని ఉన్న రేకుల ఇల్లు. మా పాలమూరు ఎండలో ఆ రేకుల కింద బాగున్న మనిషే మధ్యాహ్నం పూట నిలవలేడు.

తోటి గీత పనివాళ్లందరూ కలిసి, పట్నంలో మూతబడిన ఒక బట్టల దుకాణంలోని ఏసీ తెచ్చి పెట్టించారు. అదేమో రోజుకు నాలుగైదుసార్లు బ్రేకర్‌ను పడేసేది. అక్క ఇంట్లో ఉంటే ఎత్తేది, కూలికి పోయిన రోజు గది నిప్పుల కుంపటి అయ్యేది, సాయంత్రానికి బావ కళ్లు ఎర్రబడి మాట తడబడేది. నన్ను పిలిచారు. నేను వెళ్లినప్పుడల్లా ఓల్టేజీ బాగానే ఉండేది. జాలీ విప్పి దుమ్ము దులిపాను, బయటి పెట్టె కడిగాను, స్క్రూలన్నీ బిగించాను. అయినా పడుతూనే ఉంది. చివరికి విసుగొచ్చి, బ్రేకరే చిన్నదని తీర్పు చెప్పి, దానికి రెండింతల దాన్ని తెచ్చి బిగించాను. బ్రేకర్ పడకపోతే వేడెక్కి కాలేది తీగే, గోడ మీది ఆ తీగ సన్నదని చూడకపోలేదు. చూసి కూడా, నడుస్తుందిలే అనుకున్నాను.

నాలుగు రోజులు ఒక్కసారి కూడా పడలేదు. అక్క సంబరానికి అంతు లేదు, నా గొప్పకూ అంతు లేదు.

అయిదో రోజు అటువైపు ఒక బోరు పనికి వచ్చి, చూసి పోదామని ఆగితే వాకిట్లోకే కమురు వాసన కొట్టింది. అక్క పత్తికట్టె పీకే కూలికి పోయింది. లోపల బావ అరిచి అరిచి గొంతు పోయి, ఊపిరితో మాత్రమే నన్ను పిలుస్తున్నాడు. గోడ మీంచి మంచం మీదుగా పోయే ప్లాస్టిక్ పైపులో తీగ కాలిపోయి, పైపు కరిగి, చుక్కలు చుక్కలుగా ఆయన తొడ మీద పడుతోంది. ఆయన దాన్ని చూస్తున్నాడు గానీ ఆయనకు తెలియడం లేదు. మెయిన్ పీకేసి దుప్పటి లాగేసరికి చర్మం ఊడి వచ్చింది. ఆ తొడను చూసి నేను గట్టిగా ఏడ్చాను, ఆయనే నన్ను ఊరుకోమన్నాడు.

అక్క పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే, పాత తీగ, కాలిపోయింది అన్నాను. బావ నా వైపు ఒకసారి చూశాడు. బ్రేకర్ మార్చింది ఆయన కళ్లెదుటే. అక్కను మంచినీళ్లు అడిగాడు.

ఆ మర్నాడు దుకాణం మూసి, ఎప్పటి చిన్న బ్రేకర్‌నే మళ్లీ పెట్టి, లావు తీగ కొత్తగా లాగి, అది ఎందుకు పడుతుందో తేల్చుకునే దాకా కదలనని ఆయన పక్కన మీటరు పట్టుకుని కూర్చున్నాను. బావే నోరు విప్పాడు.

“పొలాల మోటార్లన్ని ఒక్కపారి అంటుకుంటయి సూడు, గప్పుడే పడుతది. నేను రోజూ ఇంటనే ఉన్న. నన్నెవరు అడగలే బామ్మర్దీ.”

అన్నట్టుగానే పదకొండు దాటాక త్రీఫేజ్ వచ్చింది. కిటికీ అవతల ఎనిమిది మోటార్లు ఒక్కసారిగా మూలిగాయి, మీటరులో ఓల్టేజీ ముల్లు సగానికి పడిపోయింది, ఏసీ లోపల మిషను తిరగలేక గుర్రుమంది, బ్రేకర్ టక్కున పడింది. త్రీఫేజ్ లేనప్పుడూ ఇంటికి మామూలు కరెంటు ఉండేది గానీ, ఆ ఇంటికీ ఆ పొలాలకూ ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. ఆ ఎనిమిది ఆటో స్టార్టర్లూ నేను బిగించినవే. నేను వచ్చిన ప్రతిసారీ త్రీఫేజ్ లేని వేళే మీటరు పెట్టి, ఓల్టేజీ బాగుందని పోయాను. మంచాన పడ్డ మనిషిని ఒక్క మాట అడిగి ఉంటే ఆ తొడ కాలేది కాదు.

ఆ సాయంత్రం ఎనిమిది ఇళ్లూ తిరిగి, నా చేత్తో పెట్టినవి నా చేత్తోనే తీసేస్తానని బతిమిలాడాను. వరి పొట్ట మీదుంది, ఈ వేళ నీళ్లు తప్పితే ఎట్లా, కరెంటు వచ్చినప్పుడల్లా పొలానికి ఎవరు ఉరకాలి అని ఇద్దరు గట్టిగానే మాట్లాడారు. వాళ్ల తప్పేమీ లేదు. చివరికి చెరువు నీళ్లకు వంతులు పెట్టుకున్నట్టే మోటార్లకూ పెట్టుకున్నారు. మొదటాయన మోటార్ చప్పుడు నిలకడగా వినబడ్డాకే రెండో ఆయన స్టార్టర్ నొక్కాలి, ఆ తర్వాతే మూడో ఆయన. ఏ మోటార్ ఎవరిదో బావ పడుకునే చప్పుడును బట్టి చెప్పేవాడు, ఎనిమిదోది కూడా అంటుకున్నాక కళ్లు మూసుకునేవాడు. ఆ తర్వాత బ్రేకర్ పడటం అరుదైపోయింది.

ఆయన ఇంకో మూడు ఎండాకాలాలు బతికి, ఒక చలికాలంలో మూత్రంలో చీము చేరి, జ్వరం తగ్గక చనిపోయాడు. తొడ మీది మచ్చ పోలేదు. దాని సంగతి ఆయన అక్కతో ఎన్నడూ ఎత్తలేదు, నాతోనూ ఎత్తలేదు. ఒకసారైనా తిట్టి ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదేమో.

ఇప్పుడు ఆ పొలాలకు రాత్రీ పగలూ కరెంటు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్లు పెరిగాయి, ఊళ్లో చాలా ఇళ్లకు ఏసీలు వచ్చాయి, ఎవరి మోటార్ వాళ్లు ఇష్టమొచ్చినప్పుడు వేసుకుంటారు. మంచిదే, కాదనను. కానీ ఒక మనిషి ఊపిరి కోసం ఎనిమిది మంది స్టార్టర్ మీద చెయ్యి పెట్టి పక్కవాడి మోటార్ చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడిన ఆ మధ్యాహ్నాలు ఇప్పటి వాళ్లకు చెప్పినా నమ్మరు.

చుట్టాలు నలుగురు చేరిన చోట అక్క ఇప్పటికీ ఒకటే మాట అంటుంది. “మా తమ్ముడు లేకుంటే ఆయన ఒక్క ఎండకాలం గూడ దాటకపోతుండె.” నిజం చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను, ఆమె ముఖం చూసి ఆగిపోతాను. నేను తల దించుకుంటాను. అందరూ దాన్ని వినయం అనుకుంటారు.