చేత్తో చూసే చేను

2023 మే నెల, కదిరి. నేను సివిల్ డిప్లొమా చదివాను కానీ చేసే పని మిక్స్‌డ్ మీడియా ప్యానెళ్లు. ప్లైవుడ్ పలకకు ప్రైమర్ పూసి, దాని మీద గుడ్డ, సుద్దపొడిలో జిగురు కలిపిన టెక్స్చర్ పేస్ట్, ఇసుక, రంగు పొర మీద పొరగా పరుస్తాం. గరుకు, ఎత్తుపల్లాలు అలా వస్తాయి. అంతవరకు ఇళ్ల హాళ్లకు, లాడ్జీల రిసెప్షన్లకు మాత్రమే చేశాను.

ఆ నెలలో తనకల్లు మండలంలోని ఒక పల్లె నుంచి అంజినమ్మ వచ్చింది. ఆమె తండ్రి కుళ్లాయప్పకు గ్లాకోమాతో రెండేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. అప్పటి నుంచి చేను గుత్తకే, ఇంకొకరి కౌలులో. ఆమె బట్టల ఫ్యాక్టరీ పని మానుకుని, ఈసారి సేద్యం తానే చేస్తానంటోంది.

"యాడ ఏం పెట్టాలో నాయనకే తెలుసు తమ్ముడూ. ఆయప్ప చెప్తే నాకు అర్థం కాదు, నేను చూపిస్తే ఆయప్పకు కనపడదు. రోజూ కొట్లాటే. చేత్తో తడిమితే తెలిసే మాదిరి మా చేను చేసిస్తావా? విత్తే పదును వాన పడేలోగా కావల్ల. లేకుంటే మళ్లా గుత్తకిచ్చేస్తానంటాడు నాయన."

ఒప్పుకున్నాను. సర్వే పటం, వాలు కొలతలు తీసుకుని, ఐదెకరాలకు కొంచెం తక్కువైన ఆ చేనును నాలుగడుగులు బై మూడడుగుల పలక మీదికి తెచ్చాను. అంగుళానికి పదకొండు అడుగుల లెక్క. వాలు కూడా అదే లెక్కలో పెడితే పలక ఈ చివర నుంచి ఆ చివరకు అరంగుళం తేడా వచ్చింది. గెనాలు అనే గట్లు, బండరాయి, వంక అన్నీ కొలిచిన చోటే ఉన్నాయి. ఎర్రనేలకు మూడు రంగులు కలిపాను. చివర్లో రెండు పూతలు వార్నిష్ కొట్టాను. మా వైపు దుమ్ముకు వార్నిష్ లేని ప్యానెల్ నెల తిరక్కుండా పాడవుతుంది. అందుకే అది మాకు అలవాటు.

పలకను వాళ్ల ఇంట్లో మంచం మీద పెట్టాం. కుళ్లాయప్ప రెండు చేతులూ ఆనించి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తడిమాడు.

"ఇది ఎవురి చేనప్పా?"

"మీదే పెద్దాయనా."

"నాది కాదు. అంతా ఒకటే నున్నగా ఉండాది. పెండ్లి భోజనాల బల్ల మీద పరిచిన ప్లాస్టిక్ కవరు మాదిరి. దీంట్లో యాడ విత్తాలప్పా, ఇస్తరాకు యాడ ఎయ్యాల?"

అంజినమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇసుక, గులకరాళ్ల గరుసు, మన్ను వేర్వేరుగా పరిచి, వాటన్నిటికీ వార్నిష్‌తో ఒకే ప్లాస్టిక్ తొడుగు తొడిగాను. చూపు లేని మనిషి కోసం మూడు రంగులు కలిపాను.

"చెప్పులిడిచి నాతో రా" అన్నాడు పెద్దాయన.

నా భుజం మీద చెయ్యేసి నన్ను చేనంతా నడిపించాడు. నేల మారిన ప్రతిచోటా ఆయన పాదం ఆగేది. వంగి గుప్పెడు మన్ను తీసి నలిపి, "ఇది గరుసు", "ఈడ జిగట మన్ను, నీళ్లు నిలుస్తాది" అనేవాడు. పదకొండు చోట్ల మన్ను తీసి, కవర్ల మీద నంబర్లు రాసుకున్నాను. నేను పలక మీద పరిచింది మూడు రకాలే. అరంగుళంగా చూపించిన వాలు, అడుగు పెట్టగానే పిక్కలకు తెలిసింది.

షెడ్డుకు తిరిగొచ్చి మొదట చిన్న ముక్కల మీద ప్రయోగాలు చేశాను. ఈసారి పైన పూత లేదు, జిగురును మన్నులోనే కలపాలి. జిగురు ఎక్కువైతే మళ్లీ ప్లాస్టిక్కే, తక్కువైతే వేలికి రాలిపోతుంది. కళ్లు మూసుకుని ఒక్కో ముక్కా తడిమి, ఐదు పాళ్ల మన్నుకు ఒక పాలు జిగురు దగ్గర ఆగాను. జిగట మన్నుకు ఇంకొంచెం తగ్గించాల్సి వచ్చింది. కొత్త పలక మీద వాలును నాలుగింతలు పెంచాను. లెక్క తప్పించడం సివిల్ చదివిన చేతికి కష్టంగానే ఉండింది. సాళ్ల పొర మాత్రం పరచకుండా వదిలి, ఒక్కో మన్నుకూ కలిపిన పేస్ట్ డబ్బాలతో పలకను ఆటోలో ఎక్కించుకుపోయాను. పచ్చి పొర మీద దువ్వెనతో సాళ్లు గీసింది కుళ్లాయప్పే, వాలుకు అడ్డంగా.

ఆరిన మరుసటి రోజు ఆయన చెయ్యి పై గెనెం నుంచి నెమ్మదిగా దిగి, ఒకచోట ఆగింది.

"అమ్మీ, యాడుండావు? ఇట్లా రా." కూతురి వేళ్లు పట్టుకుని అక్కడ పెట్టాడు. "ఇది గుండు. దీని పక్కన శెనక్కాయ పెట్టొద్దు, కాయకట్టే ఊడ మన్నులోకి దిగదు."

"ఇదా నాయనా నువ్వు రోజూ చెప్పే రాయి? నేను వంక కాడిది అనుకుంటి! మరి ఈడ ఏం పెట్టాల?"

"ఉలవలు చల్లు."

"ఉలవలు ఎవురు కొంటారు?"

"నువ్వు తిను, బలమొస్తాది."

ఆ పూటంతా రెండు జతల చేతులు పలక మీదే ఉన్నాయి. కొట్లాట ఆగలేదు గానీ, ఇద్దరూ ఒకే చోటు గురించి కొట్లాడుకుంటున్నారు. పదును వాన ఆలస్యంగా పడింది. విత్తే గొర్రు పట్టించింది అంజినమ్మే. పంట అంతంతమాత్రం. చేను గుత్తకు పోలేదు.

అప్పటి నుంచి ఏ ప్యానెల్‌నైనా వార్నిష్‌కు ముందు ఒకసారి కళ్లు మూసుకుని తడుముతాను. దాన్ని ఎవరు, దేనితో చూస్తారో ఆర్డరు రోజే అడుగుతాను.

మరుసటి వేసవిలో అంజినమ్మ ఫోన్ చేసింది. "చేన్లో నీటికుంట తవ్విస్తాండాము తమ్ముడూ. ముందు పలకలో తవ్వి చూపించమంటాడు నాయన."

ఉలి తీసుకుపోయి, ఆమె చెప్పిన చోట గుంత చెక్కాను. పెద్దాయన వేలు పెట్టి చూసి, ఈడ గరుసు, నీళ్లు ఇంకిపోతాయి, జిగట మన్ను కాడికి దిగు అన్నాడు. అంజినమ్మ కాసేపు వాదించి ఒప్పుకుంది. మొదటి గుంతను పేస్ట్‌తో పూడ్చి, దిగువన ఇంకొకటి చెక్కాను. పూడ్చిన చోట చిన్న బొడిపె మిగిలింది. దాన్ని చదును చేయబోతుంటే కుళ్లాయప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీలేప్పా. ఆడ వద్దనుకున్నామని ఈ యమ్మికి గుర్తుంటాది."