వాల్వు కింద ఖాదర్ టోపీ

“కిరోసిన్ పోసి సూసినావా?”

“సూసినాను భాయ్. ఒక్క సుక్క దిగలేదు.”

“రేప్పొద్దున ఇంకోసారి సూడు.”

“సూస్తా. నువ్వు పండుకో.”

ఖాదర్ మేస్త్రీ నాతో మాట్లాడిన చివరి మాటలు ఇవే. మదనపల్లెలో వాళ్ల ఇంట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడనుకుని నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే అడిగాడు. మరుసటి పొద్దున నేను చూశాను. చెప్పడానికి ఆయన లేడు.

నిన్న పుంగనూరులో మా ఇంటి ముందర, మా చెల్లెలి కూతురు సరళ మొగుడు మోటారు సైకిల్ గొలుసును కిరోసిన్‌తో కడుగుతున్నాడు. చౌక దుకాణాల్లో కిరోసిన్ ఇవ్వడం మానేసి చాలా కాలమైంది గదా, ఆ వాసన ముక్కుకు తగిలి ఎన్నాళ్లయిందో. చెరుగుతున్న చాట చేతిలో అట్లే ఉండిపోయింది. పొద్దున లేచి సరళను కాగితం, పెన్ను తెచ్చుకొమ్మన్నాను. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. నేను చెప్తుంటే అది రాస్తోంది.

ఖాదర్ మేస్త్రీకి మదనపల్లెలో టమాటా మార్కెట్టుకు పోయే దారిలో చిన్న లేత్ షాపు ఉండేది. ఇంజన్లు విప్పి, అరిగిన సామాన్లు బాగుచేసి బిగించే పని. మా ఆయన ఒక వ్యాను పెట్టుకుని సదుం వైపు పల్లెల నుంచి మార్కెట్టుకు టమాటా తోలేవాడు. ఇంజను పని ఉందని వ్యానును ఆ షాపులో వదిలి ఇంటికి వచ్చిన మనిషి, గుండెనొప్పి వచ్చి తెల్లారేసరికి పోయాడు. కర్మకాండలన్నీ అయిపోయాక కూడా నేను వసారాలో ఒక మూల కూర్చుని ఉండేదాన్ని. తిను అంటే తినేదాన్ని, లెయ్ అంటే లేచేదాన్ని. చాలా రోజుల తర్వాత మా మరిది గంగులప్ప వ్యాను తెచ్చుకుందాం రా వదినా అని నన్ను కూడా తీసుకుపోయాడు.

పోతే వ్యాను ఇంకా విప్పినది విప్పినట్టే ఉంది. ఇంజను పై భాగాన్ని హెడ్డు అంటారు, దాన్ని ఖాదర్ మేస్త్రీ బల్ల మీద పెట్టి గోనెసంచి కప్పి ఉంచాడు. ఆయనే చెప్పాడు, “విప్పేటప్పుడు ఆయప్ప పక్కనే ఉండె. మీరు రాకుండా బిగించేకి మనసు రాలేదమ్మా.” అంతకుమించి పరామర్శ ఏమీ చెయ్యలేదు. మా ముందరే పని మొదలుపెట్టాడు.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. హెడ్డులో గాలి వచ్చే దారికీ, పొగ పోయే దారికీ మూతలుంటాయి. పుట్టగొడుగు మాదిరి, గొడుగూ కాడా ఉంటాయి. అవే వాల్వులు. అవి గట్టిగా మూసుకుంటేనే బండికి బలం. సందు ఉంటే మంట ఆ సందులో నుంచే దూరి వాల్వు అంచును కాల్చి తినేస్తుంది. అందుకని గరుకు పేస్టు పూసి, రబ్బరు గిన్నె ఉన్న కట్టెను వాల్వుకు అంటించి, రెండు అరచేతుల మధ్య ఇటూ అటూ తిప్పి నూరతారు. ఆయన నూరుతుంటే నేను చూస్తూ ఉన్నాను. కాసేపటికి కట్టెను నా చేతికి ఇచ్చాడు. నేను తిప్పాను. కవ్వంతో మజ్జిగ చిలకడానికీ దీనికీ నాకైతే పెద్ద తేడా కనిపించలేదు. నడుమ నడుమ వాల్వును ఎత్తి కొంచెం తిప్పి మళ్లీ పెట్టమన్నాడు. నూరడం అయ్యాక హెడ్డును బోర్లించి వాల్వుల మీద కిరోసిన్ పోశాడు. కిందికి ఒక్క చుక్క దిగినా మళ్లీ నూరాల్సిందే. ఆ రోజు దిగింది. మళ్లీ నూరాను. సాయంత్రం బస్సెక్కేటప్పుడు ఆయన అన్నాడు, “రేపు కూడా వస్తావా రెడ్డెమ్మా? చెయ్యి బాగుండాది.”

అట్లా పోవడం మొదలుపెట్టినదాన్ని పోతూనే ఉన్నాను. పొద్దున పుంగనూరులో బస్సెక్కడం, పొద్దు వాలితే తిరిగి రావడం. లారీ డ్రైవర్లు ఊరుకుంటారా? ఇంజను పనికి ఆడమనిషిని పెట్టుకున్నావు, రేపు వంటకు మమ్మల్ని పిలుస్తావా మేస్త్రీ అని ఒకడన్నాడు. “పిలవను. నీ చేతి కూడు ఎవురు తింటారు?” అని ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. ఆ తర్వాత ఆ డ్రైవరే వచ్చి నా హెడ్డు రెడ్డెమ్మకే ఇయ్యి అని అడిగిన రోజు కూడా ఉంది.

టమాటా కాలంలో బళ్లన్నీ మోయగలిగినదానికంటే ఎక్కువ మోస్తాయి. మొగిలి ఘాటు రోడ్డు ఎక్కి దిగి వచ్చిన బండికి పొగ వాల్వు కాలిపోయి ఉండేది. కాలిన వాల్వును వెలుగుకు పట్టుకుని ఆయన నాకు చూపించేవాడు. ఎప్పుడూ ఒకే పక్క కాలి ఉండేది, మిగతా అంచంతా బాగానే ఉండేది. “ఒకే తావున కూసుంటాది గదా, అందుకే ఆ తావు కాల్తాది. కూసున్నప్పుడంతా రవ్వంత తిరిగి కూసుంటే?” ఇది నా గురించి అన్నమాటేమో పెద్దమ్మా అని సరళ ఇప్పుడు రాయడం ఆపి అడుగుతోంది. కాదు. ఆయన వాల్వు గురించే అన్నాడు. మనుషుల మీద మాటలు చెప్పడం ఆయనకు రాదు.

ఆ తిరగడం ఎట్లా అన్నదే ఆయనకు పట్టుకుంది. వాల్వు స్ప్రింగు కింద పెట్టడానికి గుండ్రటి ఇనుప టోపీ ఒకటి లేత్ మీద కోశాడు. దాని లోపల వాలుగా గాడులు, గాడుల్లో సైకిల్ పెడల్‌లో ఉండే చిన్న ఇనుప గుండ్లు, వాటి మీద పలుచటి స్ప్రింగు బిళ్ల. స్ప్రింగు నొక్కుకున్నప్పుడల్లా గుండ్లు వాలులో జారి వాల్వును వెంట్రుకవాసి తిప్పాలి. ఎన్ని చేసి ఎన్ని పారేశాడో. డ్రైవర్లు మేస్త్రీ ఇంజనుకే టోపీ పెడుతున్నాడని నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. కానీ ఒక మధ్యాహ్నం అన్నం తింటూ నాతో అన్నాడు, “బండి బాగా పోతే కంపెనీ ఇంజను మంచిదంటారు. నిలబడిపోతే మేస్త్రీ నాకొడుకు అంటారు. ఇంజన్లో ఒక్క సామాను, ఒక్కటంటే ఒకటి, ఇది ఖాదర్‌ది అనాలమ్మా. అంతకంటే నాకేమీ వద్దు.” అప్పుడు తెలిసింది నాకు, ఆ టోపీ ఆయనకు ఏమిటో.

పెట్టి చూడడానికి ఎవరు బండి ఇస్తారు? నేనిచ్చాను. గంగులప్ప గొణిగాడు గానీ అడ్డం చెప్పలేదు. టోపీలు పెట్టి బిగించాక చక్రాల కింద నిమ్మకాయలు నేను పెట్టాను, బిస్మిల్లా అని తాళం ఆయన తిప్పాడు. బండి కొన్ని ట్రిప్పులు తిరిగి, టమాటా నిండుగా ఉన్నప్పుడే ఘాటులో బలం లేక నిలబడిపోయింది. గంగులప్ప వేరే బండి కట్టి లాక్కొచ్చాడు. విప్పి చూస్తే వాల్వులు ఎప్పటి మాదిరే ఒక పక్క కాలి ఉన్నాయి, టోపీల్లో గుండ్లన్నీ నల్లగా మాడి అతుక్కుపోయి ఉన్నాయి. ఆయన ఒక గుండును గోటితో గీకి, వాసన చూసి, నుదురు కొట్టుకున్నాడు. చిన్నప్పుడు సైకిల్ షాపులో పని నేర్చుకున్న మనిషి. సైకిల్‌కు గుండ్లు ఎక్కిస్తే గ్రీసు దట్టించాలి గదా, అట్లే అలవాటుగా దట్టించేశాడు. ఇంజను వేడికి గ్రీసు బొగ్గయిపోయింది. “ఇన్నేండ్ల నుంచి ఇంజన్లు సేస్తాండా, నా చెయ్యి మాత్రం ఇంకా సైకిల్ షాపులోనే ఉండాది సూడు,” అన్నాడు. రెండోసారి గ్రీసు లేదు. ఇంజనాయిలే లోపలికి దిగేటట్టు టోపీకి సన్నటి రంధ్రాలు వేశాడు.

ఆ రెండోసారి నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. హెడ్డు మీద మూత తీసి ఇంజను నడిపాడు. వాల్వు కొసన ఉండే బిళ్ల మీద మేస్త్రీ కూతురి గోళ్లరంగుతో నేనే ఎర్ర చుక్క పెట్టాను. ఆయిలు మొహాన చిందుతోంది. గంగులప్ప ఎక్సలేటర్ తొక్కాడు. చుక్క మొదట కదల్లేదు. తర్వాత నా వైపు ఉన్నది మెల్లగా ఆయన వైపు పోయింది, పోయి మళ్లీ నా వైపు వచ్చింది. ఇద్దరమూ వంగి చూస్తూనే ఉన్నాం. ఆయన పైపంచెతో మొహం చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ ఎండాకాలమంతా మా బండి టమాటా మోసింది. వాల్వు కాలలేదు.

కొత్తగా కనిపెట్టిన సామాను ఏదైనా ఉంటే సర్కారులో మన పేరు మీద రాయించుకోవచ్చట, బెంగళూరులో ఆ పని చూసే మనిషి ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆయన పోవడానికి సిద్ధమయ్యాడు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. అన్నింటిలోకీ బాగా వచ్చిన టోపీని మెరిసేటట్టు రుద్ది గుడ్డలో చుట్టి పెట్టాడు.

ఆ వారంలోనే కుప్పం నుంచి ఒక హెడ్డు వచ్చింది. అక్కడ గ్రానైటు క్వారీలో బండలకు బెజ్జాలు వేసే కంప్రెసర్ ఇంజనుది, చాలా పెద్దది. తెచ్చిన క్వారీ మనిషి బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. మేస్త్రీ లేత్ దగ్గర ఉన్నాడు. నేను స్ప్రింగు నొక్కి, దాన్ని పట్టి ఉంచే లాకులు తీసి, స్ప్రింగు పైకెత్తాను. కింద ఒక గుండ్రటి టోపీ ఉంది. మసి పట్టి ఉంది గనక కిరోసిన్‌లో కడిగాను. కడుగుతుంటేనే వేళ్లకు తెలిసింది. లోపల గుండ్లు కదులుతున్నాయి. ఆయన్ని పిలవలేదు. లేత్ ఆపి ఆయనే వచ్చాడు. నా చేతిలో నుంచి తీసుకుని, చేత్తో తిప్పి, స్ప్రింగు బిళ్ల ఊడదీసి లోపలికి చూశాడు.

“గుండ్లు కూడా వాలు మీదనే పెట్టినారు,” అన్నాడు.

“ఆయిలు దిగే రంధ్రాలు ఉండాయా భాయ్?”

“ఉండాయి. మనవాటికంటే సన్నంగా ఉండాయి.”

ఇది కొత్తగా వచ్చిన సామానా అని క్వారీ మనిషిని అడిగాడు. అదా, మా నాయన కాలం నుంచి ఈ ఇంజన్లకు వస్తూనే ఉంది గదా అని అతను టీ తాగుతూనే చెప్పాడు. మా సంగతి అతనికేం తెలుసు. ఖాదర్ మేస్త్రీ తల ఊపి, టోపీని నా అరచేతిలో పెట్టాడు. “బాగా కడుగమ్మా. ఎట్లుండిందో అట్లే బిగించు,” అని చెప్పి బయటికి పోయి గడప మీద కూర్చున్నాడు. టీ తెచ్చిస్తే చల్లారిపోయేదాకా పట్టుకునే ఉన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. పక్కన నిలబడి, నువ్వేమీ ఎవరిదీ చూసి చెయ్యలేదు గదా భాయ్, నీ తలలో నుంచి వచ్చిందే గదా, బెంగళూరు పో అన్నాను.

“యాల? ఉండేదాన్నే సూపించేకా?”

“నువ్వే సేసినావు గదా.”

“అది నీకు తెల్సు, నాకు తెల్సు. పేరుకు అది సాలదు రెడ్డెమ్మా.”

మళ్లీ టోపీ కొయ్యలేదు. కొత్త చొక్కా పండక్కి వేసుకున్నాడు. పని మాత్రం ఒక్క రోజు కూడా మానలేదు, నాకు ఇంకా వాల్వు కాడలు ఆడే గైడ్లు సరిచెయ్యడం, స్ప్రింగుల బలం చూడడం నేర్పించాడు. కానీ కాలిన వాల్వును వెలుగుకు పట్టుకుని చూడడం మానేశాడు. నేను చూపిస్తే మార్చెయ్యి అనేవాడు. తర్వాత ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. షాపు నేనే చూశాను, సాయంత్రం పోయి ఏ బండి వచ్చింది, ఏ బండి పోయింది అన్నీ చెప్పేదాన్ని. మా వ్యానులో టోపీల మాట ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ ఎత్తలేదు. ఆ వ్యాను పాతబడి తుక్కుకు పోయేనాటికి కూడా అవి తిరుగుతూనే ఉండేవి. ఆ సంగతి చెప్పాలంటే అప్పటికి ఆయన లేడు.

ఇప్పుడు నేను పనికి పోవడం లేదు, చేతులు వణుకుతాయి. కుక్కరు మూత సరిగ్గా పడకపోతే మళ్లీ విప్పి మళ్లీ పెట్టే బుద్ధి మాత్రం పోలేదు. దాన్ని ఆయనే పెట్టిపోయాడు. పెద్ద ఇంజన్లలో ఆ సామానుకు కంపెనీవాళ్ల పేరేదో ఉండే ఉంటుంది. నాకు చదవడం రాదు గనక తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. మదనపల్లెలో పుట్టినదానికి నేను పెట్టుకున్న పేరు ఖాదర్ టోపీ. నీకు తెలుసు, నాకు తెలుసు అన్నవాళ్లలో ఒకరు పోయారు, ఇంకొకరు ముసలిదైపోయింది. అందుకే ఇదంతా.

సరళా, రాసింది సాలు. ఆయన పేరు రాసినావే, అది యాడుండాదో నా ఏలు పట్టి దాని మింద పెట్టు. ఆఁ, ఇదేనా? ఇంత సిన్నదా? సరే. ఇప్పుడు మొదుట్నుంచి సదువు. ఆ పేరు వచ్చినకాడ కొంచెం గట్టిగా సదువు.