అత్తమ్మ చుట్టిన తీగ

మా అత్తమ్మ నాచారంలో మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ షెడ్డులో ఇరవై రెండేళ్లు పనిచేసింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చీరంతా వార్నిష్ వాసన. ఆమె చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. నేనేమో ఉప్పల్‌లో ఒక బడిలో సైన్సు టీచర్ని. పెళ్లయిన కొత్తలో కూరలో ఉప్పు గురించి, నల్లా వచ్చే వేళ గురించి తప్ప మా మధ్య వేరే మాట ఉండేది కాదు. చదువుకున్న కోడలని ఆమెకు బెరుకు, ఆ మౌనం చూసి నాకు బెరుకు.

ఆ యేడు విద్యుదయస్కాంతం పాఠం వచ్చింది. ఇనుప మేకుకు రాగితీగ చుట్టి, కొసలు బ్యాటరీకి కలిపితే, కరెంటు పారినంతసేపూ మేకు అయస్కాంతమవుతుందని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. తీరా చేసి చూపించబోతే ఒక్క గుండుసూది కూడా అంటుకోలేదు. బ్యాటరీ మార్చాను, మేకు మార్చాను. పిల్లలు కాసేపు ఓపికపట్టి, తర్వాత నవ్వారు.

"టీచర్, కరెంటు పోయినట్టుంది" అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు.

ఇంటికొచ్చి ఆ మేకును బల్ల మీద పడేసి ఏడుపు మొహంతో కూర్చున్నాను. అత్తమ్మ దాన్ని తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూసింది.

"ఏంది బిడ్డా, కొసలు గీకలేదా?"

"గీకుడేంది అత్తమ్మా?"

"తీగ మీద సన్నటి పూత ఉంటది. సుట్టు సుట్టుకు తాకినా కరెంటు అడ్డదారి పట్టకుండ ఆపేది గదే. కొసల కాడ గది తియ్యకుంటే కరెంటు లోపలికి ఎట్లొస్తది? మల్ల సగం ఇటు తిప్పినవ్, సగం అటు తిప్పినవ్. ఒకదాని బలం ఒకటి కొట్టేస్తది."

తీగంతా విప్పి, ఒకే వైపు తిప్పుతూ, దారపు ఉండలా దగ్గరదగ్గరగా చుట్టింది. బ్లేడుతో కొసలు గీకింది. బ్యాటరీకి కలపగానే సూదులు గుత్తిగా అంటుకున్నాయి. నేను గట్టిగా అరిచేశాను. ఆమె ముసిముసిగా నవ్వింది.

"రేపు నాతో బడికి రా అత్తమ్మా."

"నేనా? నాకేమొస్తది సెప్పనీకి!"

అయినా పొద్దున్నే చర్చికి కట్టుకునే చీర కట్టుకుని తయారైంది. క్లాసులో మొదట నా వెనకే నిలబడింది. తీగ చేతిలోకి రాగానే బెరుకు పోయింది; మేకుకు చుట్టి, బ్యాటరీకి కలిపి, సూదులు అంటించి చూపింది.

"అయస్కాంతం ఉండంగ ఇదెందుకు అమ్మమ్మా?" అని ముందు బెంచీ పాప అడిగింది.

అత్తమ్మ తీగ కొసను బ్యాటరీ నుంచి తీసింది. సూదులన్నీ జలజలా రాలిపోయాయి.

"సూసినవా? మామూలుది పట్టుకుంటే ఇడువదు. ఇది మనం పట్టుమంటే పడ్తది, ఇడువుమంటే ఇడుస్తది. బడి కరెంటు గంటల సుత్తిని గుంజేది ఇదే. ఫ్యాను, మిక్సీ, బోరు మోటరు, అన్నిట్ల గిసొంటి సుట్లే. బ్యాటరీకి జర సేపే పెట్టుర్రి, తీగ కాలుతది."

పిల్లలు ఆమె చుట్టూ మూగారు. సరిగా చుట్టలేకపోయిన పాప వేళ్లను తన వేళ్లతో పట్టుకుని తిప్పించింది.

తిరుగు ప్రయాణంలో ఆటో ఎక్కాం. నాచారం దగ్గర పడుతుండగా అత్తమ్మ అంది:

"ఇన్నేండ్లు సుట్టిన బిడ్డా. ఇదెందుకని నన్ను ఒక్కలు అడగలే."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఎల్లుండి ఇంకో సెక్షన్‌కు ఇదే పాఠం ఉందని చెప్పాను.

"గట్లనా? అయితే తీగ ఇంకింత తేవాలె" అంది.