మోతీకి వాంతులైన మధ్యాహ్నం

నలభై ఎనిమిదిలో, నిజాం రాజ్యంలోకి భారత సైన్యం దిగి పోలీసు చర్య జరిగిన వారం అది. నేను తొమ్మిదేళ్ల పిల్లను. మెదక్‌లో మా నాన్న చర్చి బడిలో పంతులు. మా వీధి చివర యునానీ వైద్యం చేసే హకీంసాబు ఇల్లు. పల్లెల్లో ముస్లింల ఇళ్లమీద పడి దోచుకుంటున్నారని పెద్దలు గుసగుసలాడుకునేవారు. నాకు అదేమీ పట్టలేదు.

ఆ మధ్యాహ్నం మా కుక్కపిల్ల మోతీ పెంటకుప్పలో ఏదో తిని వచ్చి, వరసగా నాలుగుసార్లు కక్కింది. విరేచనాలు కూడా పట్టుకుని మెడ వాల్చేసింది. దాన్ని గుడ్డలో చుట్టుకుని హకీంసాబు ఇంటికి పరుగెత్తాను. చేతులు ఖాళీ లేక తలుపును కాలితో దబదబా తన్నాను. లోపల ఏడుస్తున్న పసిబిడ్డ గొంతు ఠక్కున ఆగిపోయింది. నేను ఇంకా గట్టిగా తన్నాను.

తలుపు తెరుచుకుంది. హకీంసాబు కళ్లు గట్టిగా మూసుకుని తాళాల గుత్తి నాకేసి చాపారు.

"ఇండ్ల ఏమున్నా తీస్కపోండ్రి. పిల్లలను మాత్రం ముట్టకుండ్రి."

"హకీంసాబ్, మా మోతీ కక్కుతున్నది," అన్నాను.

ఆయన కళ్లు తెరిచి చూశారు. ఎప్పుడూ కుక్కలను ముట్టని మనిషి, గడపమీద కూలబడి, తాళాల గుత్తి పక్కన పెట్టి దాని పొట్ట నొక్కి చూశారు.

"ఇయ్యాల తిండి పెట్టకు బిడ్డా. ఉప్పేసిన పల్చటి గంజి జరంత జరంత తాగియ్యి."

మూడో రోజుకు మోతీ లేచి తిరిగింది. నేను మాత్రం ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా, ముందు నా పేరు చెప్పి ఆ తర్వాతే తలుపు తడతాను.