నల్లా వచ్చే వేళ చూసిన ఇల్లు

2022 ఎండాకాలం. పరాయి రాష్ట్రానికి బతుకుతెరువుకొచ్చిన మనవాళ్ళుండే కామాటిపురాలో, మా తెలుగు చాల్‌లో, అంటే వరస గదుల భవంతిలో, రెండో అంతస్తు, మెట్ల పక్క గది మాది. ఆ గుమ్మంలో కూర్చునే ఇరవై ఏళ్ళుగా మనవాళ్ళకు అద్దె గదులు కుదురుస్తున్నాను. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు మా నాయన ఇంట్లోనే దిద్దించాడు, ఈ పని మా అత్తమ్మ నేర్పింది. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. నల్లా వచ్చే వేళ చూడని ఇంటికి టోకెన్ ఇప్పించకూడదు. టోకెన్ అంటే బేరం ఖాయమని ముందుగా ఇచ్చే సొమ్ము. నీళ్ళ దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డవాళ్ళు అబద్ధం చెప్పరనేది ఆవిడ నమ్మకం. దేవుడి దయవల్ల ఆ మాట నన్ను ఎన్నడూ తల దించుకోనివ్వలేదు.

ఆ రోజు వచ్చినవాళ్ళు మాత్రం అద్దె గది కోసం రాలేదు. నర్సింలు, బాలమణి మా చాల్ వెనకవైపు గదిలోనే ఉండే ఆలుమగలు. మహబూబ్‌నగర్ దగ్గరి పల్లెవాళ్ళు. అతను ప్లాస్టర్ మేస్త్రీ, ఆమె అదే పని మీద సిమెంటు మాలు తట్ట మోసేది. ఆమె మోకాళ్ళు అరిగిపోయాయని, బరువులు మానకపోతే నడకే పోతుందని డాక్టరు చెప్పాడు. తట్ట దించితే ఇంట్లోకి ఒక్క కూలీయే వస్తుంది. అందుకని పద్నాలుగేళ్ళు కూడబెట్టినదంతా ఏదో ఒకదాని మీద పెట్టాలనుకున్నారు. దేని మీద అన్నదే తగువు.

నర్సింలు రంగుల కాగితం ఒకటి నా ముందు పరిచాడు. మే నెల పెళ్ళిళ్ళకు ఊరికి వెళ్ళి చూసివచ్చిన ప్లాటు అది.

"ఇగో జూడక్కా. ముప్పై ఫీట్ల బాట. పదేండ్లకు మూడింతలైతదంట."

"అనెటోనికేం బోయె? ప్లాటు నెలనెలా బియ్యం దెస్తదా?" అంది బాలమణి. "ఊర్ల చిన్న ఇల్లు గొని కిరాయికిద్దామంటే ఇనడు. నువ్వు జెప్పు వదినా."

"మంది గోడలకు మాలు గొట్టుడే అయింది నా బతుకంత," అన్నాడతను. "నా పేరు మీద జానెడు జాగ ఉండొద్దా?"

ఖాళీ జాగాను నేను తక్కువ చేయను. మా మామయ్య కొన్న జాగా ఏళ్ళ తరబడి ఊరికే పడి ఉండి, మా ఆయన ఆపరేషన్ నాడు మమ్మల్ని నిలబెట్టింది. దానికి కిరాయిదారు గొడవ లేదు, మరమ్మతు లేదు. కానీ అది ఆగగలిగినవాళ్ళ సొత్తు. ఇల్లు మెల్లగా పెరుగుతుంది, నెలనెలా అంతో ఇంతో చేతిలో పెడుతుంది. ఇదే చెప్పి, ఒక్కటి మాత్రం అడిగాను.

"వానల్లో చూసినవా తమ్మీ ఆ జాగా?"

చూడలేదు. మనవాళ్ళు చేసే పొరపాటే ఇది. పిల్లల సెలవులకు, పెళ్ళిళ్ళకు మే నెలలో ఊరికి పోతాం. అప్పుడు నేలంతా అద్దంలా కనిపిస్తుంది. ఆ చూపుతోనే కొనేస్తాం. శ్రావణంలో ఊళ్ళో అమ్మవారికి బోనం ఎత్తాలని నాకు మొక్కు ఉంది. అప్పటిదాకా ఆగి నాతో రమ్మన్నాను.

"నీ మొక్కు మొక్కే గానీ, నడుమ నా ప్లాటు పోతదక్కా," అని విసుక్కున్నాడు. అయినా టోకెన్ ఇవ్వలేదు. అంత మాత్రం నా మాట నిలిపాడు.

శ్రావణంలో బోనం అప్పజెప్పి, మర్నాడు ముగ్గురం ఆ జాగాకు వెళ్ళాం. రెండు రోజులుగా ముసురు. ముప్పై అడుగుల బాట బురదలో కలిసిపోయింది. నడుములోతు గడ్డిలో నర్సింలు తన హద్దురాళ్ళ కోసం వెతుకుతున్నాడు.

"రాళ్ళేడున్నయన్నా?"

"యాడికి పోతయే, గడ్డిల ఉన్నయి," అన్నాడు ప్లాటు చూపించే మనిషి. చెప్పులు చేతిలో పట్టుకుని రోడ్డు మీదే నిలబడ్డాడు.

మోసమేమీ లేదు. పత్రాలు సరిగ్గానే ఉన్నాయి. ఏటేటా గడ్డి కోయించి, రాళ్ళు చూసుకునే మనిషి దగ్గర ఉంటే మంచి జాగాయే. బాలమణి బురదలో అడుగు వేయలేక గట్టు మీదే కూర్చుంది. "పదేండ్లకు మూడింతలైతది సరే. పదేండ్లు నా మోకాళ్ళు ఆగుతయా?" అంది. నర్సింలు గడ్డిలోంచి బయటికి వచ్చి, చెయ్యి పట్టి ఆమెను లేపాడు.

మర్నాడు పొద్దున్నే, నల్లా వచ్చే వేళకు, మహబూబ్‌నగర్‌లో అమ్మకానికి ఉన్న పాత ఇంటికి తీసుకెళ్ళాను. రెండు వాటాలు, రెండింటా కిరాయిదారులు. బిందె నింపుతున్నావిడను అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది.

"నీళ్ళకు తక్లీఫ్ లేదమ్మా. గోడలే, పెళ్ళలు రాలుతున్నయి. కొననీకొచ్చినోళ్ళు ఇద్దరు జూసి భయపడి పోయిండ్రు."

నర్సింలు గోడను వేళ్ళ కణుపులతో కొట్టాడు. చెవి ఆనించి మళ్ళీ కొట్టాడు. గోటితో ఓ పెళ్ళ ఊడదీసి లోపల తడిమాడు. ఆ ముఖంలో వెలుగు నాకిప్పటికీ గుర్తే.

"అక్కా, ఇటుక ఉక్కులెక్కనున్నది. పై మాలే పోయింది. ఎవడో ఇసుక కడగకుంట కొట్టిండు."

"మరి బాగు చేయడానికి?"

"నేనున్న గద! కూలి ఎవనికియ్యాలె?"

"మంది గోడలకు కొట్టుడే అయింది అంటివి గదా," అంది బాలమణి. "ఇప్పుడు నీ గోడకు కొట్టు."

లోకం భయపడ్డ గోడల వల్లే ఆ ఇల్లు అతనికి తక్కువ ధరకు అందింది. ముందు ఈసీ తీయించాం. ఆ ఇంటి మీద తాకట్టు ఉందో లేదో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే కాగితం అది. తర్వాతే టోకెన్. దసరా తర్వాత నెల రోజులు ఊళ్ళో ఉండి, ఒక వాటా తర్వాత ఒకటి, కిరాయిదారులను కదపకుండానే గోడలన్నీ అతనే బాగు చేశాడు.

జాగా మంచిదా, అద్దె ఇల్లు మంచిదా అని ఇప్పుడెవరైనా అడిగితే, నేను ఎదురు రెండు అడుగుతాను. నువ్వు ఎన్నాళ్ళు ఆగగలవు? నీ చేతికి ఏ పని తెలుసు? అత్తమ్మ నియమానికి ఆ ఆలుమగలు కలిపి ఇచ్చిన ప్రశ్నలివి.

సంక్రాంతి వెళ్ళాక ఓ పొద్దున బాలమణి కమ్మీ పట్టుకుని మెల్లగా మా మెట్లెక్కి వచ్చింది. చేతిలో తట్ట ఉంది. తోమి, పసుపు కుంకుమ పెట్టిన తట్ట. నిండా మట్టి పోసి తులసి మొక్క నాటింది.

"ఇగ మొయ్య వదినా," అంది. "నీ గుమ్మంల ఉండనీ."