ఎనిమిది ఏంటివి?

మల్లెపూల వాసన తగిలితే చాలు, నా చూపు పూలమ్మే మనిషి మోచేతి మీదికి పోతుంది. మొన్న మైదుకూరు బస్టాండులోనూ అంతే. మూర కొలుస్తూ ఆమె చేయి కాస్త ముడిచింది. "ఎవరి మూర అక్కా ఇది?" అన్నాను. నవ్వి ఇంకో జానెడు వదిలింది. ఆ ప్రశ్న నాది కాదు, మా సుగుణమ్మ టీచరుది.

బద్వేలు దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆమె భౌతికశాస్త్రం చెప్పేవారు. పొట్టి మనిషి, చర్చిలో పాటలు పాడి పాడి గట్టిపడిన గొంతు. అంకె పక్కన ప్రమాణం రాయకపోతే ఆమె దగ్గర మార్కు లేదు. సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి ఎంతసేపు పడుతుందంటే నేను 'ఎనిమిది' అని రాసి ఊరుకున్నాను. "ఎనిమిది ఏంటివి పాపా? ఆవులా, ఎనుములా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

నవ్వులు సరే, నాకు సున్నాలంటేనే హడలు. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరం. ఆపైన గ్రహాలు, నక్షత్రాలు అనేసరికి సున్నాలు చీమల బారులా సాగేవి. పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో తప్పాను. "చదివింది శానా అయింది, చీనీ తోటకు నీళ్లు కడుదువు రా" అన్నాడు నాయన, మా బత్తాయి చెట్ల వైపు చూపిస్తూ. ఆయన ఊరికే అనే మనిషి కాదు. మరునాడు పుస్తకాలు తిరిగివ్వబోయి టీచర్ ముందు ఏడ్చేశాను.

ఆమె ఓదార్చలేదు. తన పొట్టి చేయి చాపారు. "పూలు కిలోమీటర్లలో కొంటామా? మూరల్లో కొంటాం. సూర్యునికీ మనకూ మధ్య దూరం ఆకాశానికి ఒక మూర అనుకో. దాన్నే ఖగోళ ప్రమాణం అంటారు. పూలామె మూర చెయ్యి మారితే మారుతాది, ఎవరి మూర అని అడగాల. ఇది మారదు. సూర్యుని నుంచి గురుడు యాడుండాడు? ఐదు మూరలకు కొంచెం పైన. శని తొమ్మిదిన్నర. యాడ పోయినాయి నీ సున్నాలు?"

"దూరం తగ్గిందా టీచర్?"

"దూరం యాడ తగ్గుతాది పాపా? మనం మోసేదానికి వీలవుతాది, అంతే."

నక్షత్రాలకు ఆ మూర కూడా చాలదు, అక్కడ కాంతి సంవత్సరం కావాలి. నేను దాన్ని కాలమనుకున్నాను. "పేరులో సంవత్సరముంటే కాలమైతాదా? వెలుగు ఏడాది పొడుగునా పోయిన దూరం అది. అరవైమూడు వేల మూరల పైమాటే" అన్నారు.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చారు. "ఏమప్పా, పబ్లిక్ పరీక్షల దాకా పంపు. పాప తప్పితే నీ తోటకు నేనొచ్చి నీళ్లు కడతా." నాయన సిగ్గుపడి సరేనన్నాడు. నేను పాసయ్యాను.

ఇప్పుడు భూములు కొలిచే సర్వేయరును. మీటర్లా, అడుగులా అన్నది ముందు రాసుకుని, ఆ తర్వాతే అంకె వేస్తాను. కొత్తగా చేరినవాళ్లు వట్టి అంకె చెబితే "ఎనుములా?" అని నోరు జారుతుంది.

మొన్నటి పూలు ఆమె సమాధికే. సమాధుల తోట గేటు దగ్గర కాపలా ముసలాయన "మీ టీచరమ్మ పోయి ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగాడు. "మూడు" అని ఆగిపోయాను. ఏంటివి అని ఆమె గద్దించినట్టే ఉంది. "సంవత్సరాలు" అన్నాను. పేరుకే సంవత్సరాలు టీచర్. అది దూరమే.