పెదవులు చూసి డ్రమ్ము కొట్టిన కాక

మీరు నవ్వారు. కరీంనగర్‌లో ఆ సాయంత్రం, పాట అయిపోయినా డ్రమ్ము ఆపని మనిషిని చూసి పగలబడి నవ్వింది మీరే. ఆ మనిషి, మా పక్కింటి కాక, పోయిన వారం చనిపోయాడు. ఇప్పుడు మీరే "మంచి కళాకారుడు" అంటున్నారు. అనండి. ఎందుకు ఆపలేదో ముందు వినండి.

కాక మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. మా దగ్గర వాటిని సాంచాలంటారు. డెబ్బైలలో షెడ్డు దోస్తులు ముగ్గురితో కలిసి రాక్ బ్యాండు పెట్టాడు. సాంచాలు నడుస్తుంటే చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడివాళ్లు ఒకరి పెదవులు ఒకరు చూసి మాట్లాడుకుంటారు. బ్యాండుకూ అదే అలవాటైంది. పాటగాడు కాకకు తన మొహం కనబడేలా పక్కకు తిరిగి పాడేవాడు. చొప్పదండిలో చూసినవాళ్లూ ఖానాపూర్‌లో చూసినవాళ్లూ అదొక స్టైలనుకున్నారు.

పాటగాడు భీవండికి, మరొకాయన సూరత్‌కు బతకబోయారు. బ్యాండు విడిపోయింది. సాంచాలు ఆగలేదు. కాకకు వినికిడి పోతూ వచ్చింది. అన్నం తింటూ కబుర్లు చెప్పే మనిషి, కరెంటు పోగానే గమ్మునయ్యేవాడు.

"దీపం తేయే. కరెంటు వోతే నాకు మాటలు గూడ వోతయ్."

"నిన్ను తిట్టాలన్నా గ్యాసునూనె కర్చాయె!" అనేది ఆయన భార్య, మా చిన్నమ్మ.

షెడ్డు మోత వల్లే చెవులు పోయాయని ఒప్పుకుని వైద్యం చేయించమని సేటును అడిగాడు. "డ్రమ్ములు కొట్టి పోగొట్టుకున్నవ్. నా సాంచాల మీద వెడ్తవా?" అన్నాడు సేటు.

"డ్రమ్ము ఎప్పుడన్న కొట్టిన సేటూ. సాంచ నన్ను రోజూ కొట్టింది."

కాక బతికి ఉండగా సేటు వైద్యం చేయించలేదు.

తొంభైలలో పాత నలుగురినీ కలిపి కరీంనగర్‌లో కచేరీ పెట్టారు. పాటగాడు ఎప్పటిలా పక్కకు తిరిగాడో లేదో, నిర్వాహకుడొకాయన వేదికెక్కాడు. "గదేం నిలవడుడు? పెద్దమనుషులు ముందట కూసున్నరు. సీదా తిరుగు!" తిరిగాడు. కాకకు వీపు మాత్రమే కనబడింది. పాట ముగిసింది. కాక కొడుతూనే ఉన్నాడు.

"ఓ కాకా! పాట ఒడిసిపాయె, ఇగ ఇంటికి పో!" అని మీలోంచే ఎవరో అరిచారు.

పాటగాడు వెనక్కి తిరిగి, గొంతు లేకుండా ఏదో అన్నాడు. కాక ఆపాడు. పెదవులు కదిలించి తానూ ఏదో అన్నాడు. ఒకరితో ఒకరు ఏమన్నారని తర్వాత కాకను అడిగాను. "అయిపోయింది ఆపురా అన్నడు. ఇటు తిరుగు, మల్ల షురూ చేద్దాం అన్న."

ఆ తర్వాత పాటలన్నీ పాటగాడు పెద్దమనుషులకు వీపు పెట్టే పాడాడు. వాళ్లు లేచి వెళ్లిపోతున్నారని గిటారాయన సైగ చేస్తే, కాక పెద్దగానే అన్నాడు: "పోనియ్. వాళ్లకు చెవులున్నయ్ గద, బయటికెల్లి ఇంటరు." అప్పుడు మీరు నవ్వలేదు.

సంతాపసభ పెడతారట. పెట్టండి. కానీ ఇవి కావాలి:

షెడ్డులో ప్రతి మనిషికీ చెవులకు రక్షణ యజమానే ఇవ్వాలి.

ఏటా చెవి పరీక్ష చేయించాలి.

సాంచాల మోతకు పోయిన వినికిడిని పనిలో తగిలిన దెబ్బగా ఒప్పుకోవాలి. మొదటి పరిహారం చిన్నమ్మకు ఇవ్వాలి.

సభకు సేటు అధ్యక్షత వహించకూడదు.

ముందు వరుస షెడ్డువాళ్లకు వదలాలి. మాట్లాడేవాళ్ల మొహం వాళ్లకు కనబడాలి.